ఆట లేని నెలల్లో బేస్‌బాల్: ఒక పెద్ద అభిమాని అనుభవ పాఠాలు

డాలస్ చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో పిల్లలు బేస్‌బాల్ ఆడి వస్తారు, పెద్దలు హాల్లో ఐపీఎల్ పెట్టుకుని కూర్చుంటారు. ఒకరి ఆట ఒకరికి పట్టదు. గ్రాండ్ ప్రెయిరీలో ఇప్పుడు మేజర్ లీగ్ క్రికెట్ జరుగుతున్న మైదానం ఒకప్పుడు బేస్‌బాల్ మైదానమే. ఒకే నేల రెండు ఆటలకూ సరిపోయినప్పుడు ఒకే ఇంట్లో రెండూ ఎందుకు ఇమడవు?

నేను టెక్సస్ రేంజర్స్ అభిమానిని. ఆర్లింగ్టన్‌లో పైకప్పు లేని పాత స్టేడియంలో ఎండకు మాడుతూ చూసిన రోజుల నుంచి ఈ జట్టు వెంటే ఉన్నాను. మార్చి చివర నుంచి సెప్టెంబరు చివరి దాకా సాగే 162 ఆటలు అందరూ చూస్తారు. నాకు జట్టును దగ్గర చేసింది మాత్రం ఆటలు లేని నెలలే. ఈ ఆటకు కొత్తగా వచ్చిన మనవాళ్ల కోసం, ముఖ్యంగా మనవల పక్కన కూర్చుని చూడాలనుకునే నా ఈడువాళ్ల కోసం, నాకు తెలిసింది రాస్తున్నాను.

1. ఆఖరి ఆట ముగిసిన వారం నుంచే గమనించండి

టైటిల్ తేల్చే వరల్డ్ సిరీస్ ముగిసిన ఐదు రోజులకు ఒప్పందం తీరిన ఆటగాళ్లకు తలుపులు తెరుచుకుంటాయి. ఐపీఎల్‌లా ఇక్కడ వేలంపాట ఉండదు, సుత్తి కొట్టి అమ్మేయరు. ఆటగాడు తన ఏజెంటుతో కలిసి నచ్చిన జట్టుతో బేరమాడుకుంటాడు. ఆ స్వేచ్ఛ రావాలంటే సాధారణంగా పెద్ద లీగులో ఆరేళ్ల సర్వీసు నిండాలి. అప్పటిదాకా అతను జట్టు చెప్పుచేతల్లోనే ఉంటాడు.

నవంబరు మూడో వారంలో మరో గడువు ఉంది. ఆరేళ్లు నిండని ఆటగాళ్లలో ఎవరికి వచ్చే ఏడాది ఒప్పందం ఇస్తారో, ఎవరిని వదిలేస్తారో ఆరోజు తేలుతుంది. డిసెంబరులో అన్ని జట్ల అధికారులూ ఒకచోట చేరే శీతాకాల సమావేశాలు, జనవరిలో జీతాల పేచీలు, ఫిబ్రవరి రెండో వారానికి పిచర్లూ క్యాచర్లూ శిక్షణకు హాజరు. ఈ నాలుగైదు తేదీలు క్యాలెండరు మీద రాసి పెట్టుకుంటే చాలు, మిగిలింది అదే తెలుస్తుంది.

2. పెద్ద సంతకం చూసి సంబరపడండి, దాన్నే నమ్ముకోకండి

2000 డిసెంబరులో అలెక్స్ రోడ్రిగెజ్‌కు రేంజర్స్ పదేళ్లకు 25 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ రోజుకు క్రీడాలోకంలో అలాంటి ఒప్పందం లేదు. అతను ఆడలేదా అంటే బ్రహ్మాండంగా ఆడాడు. 2003లో లీగు ఉత్తమ ఆటగాడు అతనే. కానీ అతనున్న మూడేళ్లూ జట్టు తన విభాగంలో ఆఖరి స్థానమే. బంతి విసిరేవాళ్లు లేకపోతే ఒక్కడు ఎన్ని పరుగులు కొట్టి ఏం లాభం? 2004 ఫిబ్రవరిలో, సరిగ్గా శిక్షణ మొదలయ్యే వేళకు, అతన్ని న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చేశారు.

2022 డిసెంబరులో జేకబ్ డిగ్రామ్ వచ్చాడు. ఐదేళ్లకు 18 కోట్ల 50 లక్షలు. ఆరు ఆటలు మొదలుపెట్టాడో లేదో మోచేయి దెబ్బతిని శస్త్రచికిత్సకు వెళ్లాడు. అతను వచ్చిన డిసెంబరులోనే రెండేళ్లకు 3 కోట్ల 40 లక్షలకు నేథన్ ఇయోవాల్డీ వచ్చాడు. డిగ్రామ్ హడావిడిలో ఆ వార్తను పట్టించుకున్నవాళ్లు తక్కువ. మరుసటి ఏడాది ప్లేఆఫ్స్‌లో ఇయోవాల్డీ ఒక్క ఓటమి లేకుండా ఐదు ఆటలు గెలిపించాడు.

అలాగని పెద్ద సంతకాలన్నీ దండగ అనను. 1988 డిసెంబరులో 41 ఏళ్ల నోలన్ రయన్‌ను తెచ్చుకున్నప్పుడు ఆ వయసులో ఇంకేం ఆడతాడన్నవాళ్లున్నారు. ఆయన ఇక్కడే ఐదువేల స్ట్రైకౌట్లు దాటాడు, ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆటలు మరో రెండు విసిరాడు. డిసెంబరులో తీర్పు చెప్పకండి, అంతే.

3. చిన్న అక్షరాల పంక్తి చదవండి

నా మొత్తం అనుభవంలో ఇంతకంటే విలువైన మాట లేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ప్రతి జట్టుకూ నలభై మంది జాబితా ఒకటి ఉంటుంది. పెద్ద లీగులో ఆడాలంటే అందులో పేరుండాలి. జాబితా నిండి ఉంటే, కొత్తవాడిని చేర్చడానికి ఉన్నవాడిని తీయాలి. తీసేసినవాడి పేరు మిగతా 29 జట్ల ముందుకు వెళుతుంది. దీన్నే వేవర్స్ అంటారు. ఎవరైనా కావాలంటే అతని ఒప్పందాన్ని తమ నెత్తిన వేసుకుని తీసుకుపోవచ్చు. ఎవరూ అడగకపోతే అతను కింది లీగుకు పోతాడు. ఈ వార్త పత్రికల్లో ఒక్క పంక్తిలో వస్తుంది, కొన్నిసార్లు అదీ రాదు.

2008 మార్చి చివర్లో రేంజర్స్ నెల్సన్ క్రజ్ అనే డొమినికన్ కుర్రాణ్ణి ఇలాగే వేవర్స్‌లో పెట్టింది. ఒక్క జట్టూ అడగలేదు. ఓక్లహోమా సిటీలో కింది లీగుకు పోయి, ఆ ఏడాది ఆ లీగుకే ఉత్తమ ఆటగాడై తిరిగొచ్చాడు. 2011 అమెరికన్ లీగ్ ఫైనల్లో అతనివి ఆరు హోమ్ రన్లు, 13 ఆర్‌బీఐలు. అంటే అతని బ్యాటు వల్ల ఇంటికి చేరిన పరుగులు 13. ప్లేఆఫ్స్‌లో ఒక్క సిరీస్‌లో అప్పటిదాకా అన్ని ఎవరూ సాధించలేదు.

కొన్నేళ్ల తర్వాత కథ మళ్లీ జరిగింది. ఎడోలిస్ గార్సియా క్యూబా వాడు. సెయింట్ లూయీ కార్డినల్స్ అతన్ని వద్దనుకుంటే 2019 డిసెంబరులో రేంజర్స్ కొంత రొక్కం ఇచ్చి తెచ్చుకుంది. 2021 ఫిబ్రవరిలో మైక్ ఫోల్టినెవిచ్ అనే పిచర్‌కు చోటు కావలసి వచ్చి, గార్సియాను జాబితాలోంచి తీసేసింది. మళ్లీ 29 జట్లూ వద్దన్నాయి. ఏ జట్టుకైనా అతను అతి తక్కువ ఖర్చుతో దొరికేవాడు! జాబితాలో లేనివాడిగానే ఆ వసంతం శిక్షణ శిబిరానికి వచ్చాడు. మొదటి ఆట రోజుకు జట్టులో చోటు దక్కలేదు. ఏప్రిల్ మధ్యలో ఒకరికి దెబ్బ తగిలితే పిలిచారు. ఆ ఏడాదే 31 హోమ్ రన్లు కొట్టి ఆల్‌స్టార్ ఆటకు వెళ్లాడు.

2023 అమెరికన్ లీగ్ ఫైనల్లో, హ్యూస్టన్ మీద, గార్సియా 15 ఆర్‌బీఐలతో క్రజ్ రికార్డు దాటాడు. ఇద్దరూ రైట్ ఫీల్డర్లే. ఇద్దరినీ ఇదే జట్టు వదులుకోవడానికి సిద్ధపడింది, ఇద్దరినీ మిగతా లోకమంతా వద్దంది.

2011 అక్టోబరు 27 రాత్రిని రేంజర్స్ అభిమానులెవరూ మరిచిపోలేరు. రెండుసార్లు, ఒక్క స్ట్రైక్ దూరంలో వరల్డ్ సిరీస్ టైటిల్ చేజారింది. మొదటిసారి బంతి క్రజ్ తల మీదుగా పోయింది. సరిగ్గా పన్నెండేళ్లకు, 2023 అక్టోబరు 27న వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కోరీ సీగర్ స్కోరు సమం చేస్తే, పదకొండో ఇన్నింగ్స్‌లో గార్సియా హోమ్ రన్ కొట్టి గెలిపించాడు. ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు! అందుకే అంటున్నాను, ఫిబ్రవరిలో వచ్చే ఆ ఒక్క పంక్తి వదలకండి.

4. ఒక్క చలికాలం ఫలితం ఒక్క ఏడాదిలో రాదు

2021లో రేంజర్స్ 102 ఆటలు ఓడింది. ఆ చలికాలం యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య ఒప్పందం తీరిపోయి తాళాలు పడబోతున్నాయని అందరికీ తెలుసు. డిసెంబరు 1న సీగర్‌కు పదేళ్లకు 32 కోట్ల 50 లక్షలు, మార్కస్ సెమియెన్‌కు ఏడేళ్లకు 17 కోట్ల 50 లక్షలు ప్రకటించారు. గంటలు తిరక్కుండానే తాళాలు పడ్డాయి. 99 రోజులు జట్టు మనుషులు ఆటగాళ్లతో మాట్లాడటానికే వీల్లేదు. 2022 మార్చి 10న తాళం తీశాక శిక్షణ హడావిడిగా సాగింది. సెమియెన్ మొదటి హోమ్ రన్ కొట్టేసరికి మే నెలాఖరయింది. జట్టు 94 ఆటలు ఓడింది. "అన్ని డబ్బులు పోసి ఇదా?" అని ఊరంతా ఒకటే మాట.

ఆ అక్టోబరులో జనరల్ మేనేజర్ క్రిస్ యంగ్ ఒక పని చేశాడు. ఆయన డాలస్‌లో పెరిగినవాడే, ఇదే జట్టులో పిచర్‌గా మొదలైనవాడే. తను శాన్ డియెగోలో ఆడినప్పుడు మేనేజరుగా ఉన్న బ్రూస్ బోచీని వెతుక్కుంటూ వెళ్లాడు. శాన్ ఫ్రాన్సిస్కోకు మూడు టైటిళ్లు తెచ్చిపెట్టి, మూడేళ్ల కిందట ఇంటిపట్టున కూర్చున్న పెద్దాయన ఆయన. ఒప్పించి తెచ్చుకున్నాడు. నిండు కుండలాంటి మనిషి. గెలిచినా ఓడినా డగౌట్లో ఆయన ముఖం ఒకేలా ఉండేది. 2023లో 90 ఆటలు గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్లి, అక్కడ ఎదుటి జట్ల మైదానాల్లో ఆడిన పదకొండు ఆటలూ గెలిచి, టెక్సస్‌కు వచ్చిన 52వ ఏట జట్టు మొదటి టైటిల్ కొట్టింది.

ఆ ఆఖరి ఆట జరిగింది ఫీనిక్స్‌లో. ఏటా ఫిబ్రవరిలో ఈ జట్టు శిక్షణ పొందే సర్‌ప్రైజ్ పట్టణం ఆ నగరానికి వాయవ్య శివారే.

5. మార్చి స్కోర్లు పట్టించుకోకండి, పొద్దున్నే లేచి వెళ్లండి

వసంత శిక్షణ రెండు చోట్ల జరుగుతుంది. పదిహేను జట్లు ఫ్లోరిడాకు వెళితే పదిహేను జట్లు అరిజోనా ఎడారికి, ఫీనిక్స్ చుట్టుపక్కలకు వస్తాయి. రేంజర్స్ 2003 నుంచి సర్‌ప్రైజ్‌లో, కాన్సస్ సిటీ రాయల్స్‌తో కలిసి ఒకే ఆవరణ పంచుకుంటోంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆట ఉంటుంది. దాని స్కోరుకు విలువ లేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సమమైతే అలాగే వదిలేసి ఇంటికి పోతారు. పేరున్న పిచర్ మొదట్లో ఒకటో రెండో ఇన్నింగ్స్ వేసి వెళ్లిపోతాడు. చేతికి బలం కూడే కొద్దీ మార్చి చివరికి ఐదారు దాకా వస్తాడు. ఆరో ఇన్నింగ్స్ తర్వాత మైదానంలో ఉండేవాళ్ల వీపు మీద ఎనభైలూ తొంభైలూ అంకెలు కనిపిస్తాయి. పైగా ఎడారి పొడి గాలిలో బంతి సరిగా వంగదు, కొడితే దూరం పోతుంది. కొత్త రకం బంతి నేర్చుకుంటున్న పిచర్ దాన్నే పదే పదే వేసి దెబ్బలు తింటాడు. అతను దిగులుపడడు, మీరూ పడకండి.

చూడాల్సింది పొద్దుటి పని. స్టేడియం వెనక సాధన మైదానాలు వరసగా ఉంటాయి. అప్పటికి ఎండ ఎక్కదు, స్వెట్టరు కావాలి. ఒక మైదానంలో పిచర్లు వరసలో నిలబడతారు. మొదటివాడు దిబ్బ ఎక్కి బంతి విసిరినట్టు చేస్తాడు. కోచ్ కుడివైపు నేలబారుగా ఓ బంతి కొడతాడు. ఫస్ట్ బేస్‌మన్ దాన్ని అందుకోవడానికి బేస్ వదిలి ముందుకొస్తాడు. ఖాళీ అయిన బేస్ దగ్గరికి పిచర్ పరుగెత్తాలి. తిన్నగా కాదు, వంపు తిరిగి గీత పక్కకు చేరి, గీత వెంబడే నాలుగడుగులు వేసి, పరుగెత్తే వాడికి తగలకుండా లోపలి అంచు మీద కుడికాలు మోపాలి. ఆ అడుగుల మధ్యే బంతి అందుకోవాలి. అందుకుని వరస చివరికి నడిచి వెళతాడు. తర్వాతివాడు వస్తాడు. కోట్లు తీసుకునేవాడైనా, నిన్న వచ్చిన కుర్రాడైనా అదే వరస. బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు, కోచ్ "మళ్లీ" అన్న కేక, అంతే.

ఇదంతా చూస్తే విసుగనిపించే పని. కానీ దాని విలువ ఆటలో తెలుస్తుంది. 2024 అక్టోబరు 30న వరల్డ్ సిరీస్ ఐదో ఆటలో యాంకీస్ ఐదు పరుగుల ఆధిక్యంలో ఉంది. ఐదో ఇన్నింగ్స్‌లో ఒక బంతి ఫస్ట్ బేస్‌మన్ వైపు దొర్లింది. పిచర్ గెరిట్ కోల్ బేస్ దగ్గరికి పరుగెత్తలేదు. లీగులోనే మేటి పిచర్లలో ఒకడతను. ఆ ఇన్నింగ్స్‌లోనే లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఐదు పరుగులూ తీసి స్కోరు సమం చేసింది, 7–6తో గెలిచి టైటిల్ పట్టుకుపోయింది. ఫిబ్రవరి పొద్దున్న ఆ వరసలో నిలబడేది ఆ ఒక్క అడుగు కోసమే.

6. ఫిబ్రవరి పోగొట్టుకుంటే ఏడాది పోతుంది

2023 టైటిల్లో పెద్ద చెయ్యి పిచర్ జోర్డన్ మాంట్‌గమరీది. ఆ చలికాలం అతనికి ఆశించిన ఒప్పందం రాలేదు. శిబిరాలు మొదలయ్యాయి, ముగింపుకొచ్చాయి, అతనింకా ఖాళీగానే ఉన్నాడు. 2024 మార్చి చివర్లో అరిజోనాతో ఒక్క ఏడాదికి 2 కోట్ల 50 లక్షలకు సంతకం పెట్టాడు. డబ్బుకు లోటు లేదు. ఆట కుదరలేదు, తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సగటున ఆరుకు పైగా పరుగులిచ్చాడు. చేతికి పని పెట్టే ఆ ఆరువారాలు ఎంతటివాడికైనా కావాలి.

7. చోటు మారమన్నప్పుడు మనిషి తెలుస్తాడు

మైకేల్ యంగ్ ఏళ్ల తరబడి రేంజర్స్‌కు పెద్దదిక్కు. సెకండ్ బేస్ ఆడేవాణ్ణి షార్ట్‌స్టాప్‌కు మార్చారు, మారాడు. 2009లో ఎల్విస్ ఆండ్రుస్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడి కోసం ఆ చోటూ వదిలి థర్డ్ బేస్‌కు పొమ్మన్నారు. మనసు కష్టపడింది, వేరే జట్టుకు పంపమని అడిగాడు, తర్వాత సరేనని ఆ వసంతమంతా కొత్త చోటు నేర్చుకున్నాడు. 2011 జనవరిలో ఏడ్రియన్ బెల్ట్రేను తెచ్చి ఆ చోటూ ఇచ్చేశారు. మళ్లీ కోపం వచ్చింది, మళ్లీ పంపేయమన్నాడు. పంపలేదు. ఫిబ్రవరిలో శిబిరానికి వచ్చి చెప్పిన చోటల్లా ఆడాడు. ఆ ఏడాది 213 హిట్లు, .338 సగటు. జట్టు వరల్డ్ సిరీస్‌కు వెళ్లింది.

కోపగించుకున్నాడని అప్పట్లో కొందరు తప్పుపట్టారు. నేను పట్టను. సంపాదించుకున్న చోటు పోతుంటే బాధపడటం మనిషి లక్షణం; బాధపడుతూనే పని చెయ్యడం పెద్దరికం. ఆయన వేసుకున్న 10వ నంబరు 2019 నుంచి మరెవరికీ ఇవ్వడం లేదు. ఉద్యోగంలో కుర్రవాళ్లకు కుర్చీ అప్పగించి పక్కకు జరగాల్సి వచ్చిన మనవాళ్లకు నేను ఈ కథే చెబుతుంటాను.

8. కొత్త నియమాలు మార్చిలోనే నేర్చుకోండి

బంతి విసరడానికి గడియారం పెట్టింది 2023లో. దాని దెబ్బ మొదట తెలిసింది శిక్షణ ఆటల్లోనే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా, బ్యాటర్ వేళకు సిద్ధం కాలేదని అవుటిచ్చి ఆట సమంగా ముగించారు. బాల్, స్ట్రైక్ నిర్ణయాల మీద యంత్రానికి అప్పీలు చేసుకునే పద్ధతి కూడా 2025 వసంతంలో పరీక్షించాకే 2026కు ఖాయం చేశారు. పిల్లలు ఇవి చిటికెలో పట్టేస్తారు. వాళ్లను అడిగి చెప్పించుకోండి. చెప్పడం వాళ్లకూ ఇష్టం.

9. వెళ్లేవాళ్లను మర్యాదగా సాగనంపండి

2025 నవంబరులో సెమియెన్‌ను న్యూయార్క్ మెట్స్‌కు ఇచ్చేశారు. అదే నెలలో, ఒప్పందాలిచ్చే గడువు రోజున, గార్సియాకు ఒప్పందం ఇవ్వలేదు. లోకమంతా వద్దన్నప్పుడు ఫిబ్రవరిలో మిగిలిపోయినవాడు, జట్టుకు టైటిల్ దారి చూపినవాడు, మళ్లీ ఒక్క పంక్తి వార్తతో వెళ్లిపోయాడు. జీతం పెరిగింది, బ్యాటు నెమ్మదించింది, లెక్క కుదరలేదు. జట్టు నిర్ణయం సబబే కావచ్చు. అయినా ఆరోజు మా ఇంట్లో అన్నం ఎవరికీ సరిగా ఎక్కలేదు.

మా మనవడు 53వ నంబరు చొక్కా తెచ్చి, "తాతయ్యా, ఇక ఇది వేసుకోకూడదా?" అన్నాడు.

"ఎందుకు వేసుకోకూడదు నాన్నా? ఆ హోమ్ రన్ కొట్టిందీ ఆ చొక్కాయే కదా" అన్నాను.

వాడు మర్నాడు బడికి అదే వేసుకుని వెళ్లాడు. గార్సియా ఫిలడెల్ఫియాలో చేరాడు. అక్కడ హోమ్ రన్ కొడితే మా ఇంట్లో చప్పట్లు కొడతాం, మా జట్టు మీద కొడితే తప్ప.

10. సర్‌ప్రైజ్ దాకా వెళ్లలేకపోతే ఫ్రిస్కో ఉంది

అరిజోనా ప్రయాణం అందరికీ కుదరదు. ఇంటిదగ్గరే దారుంది. రేంజర్స్ కింది జట్లలో ఒకటైన రఫ్‌రైడర్స్ 2003 నుంచి మన ఫ్రిస్కోలోనే ఆడుతోంది. మార్చిలో ఎడారిలో చూసిన పెద్ద అంకెల కుర్రాళ్లలో కొందరు ఏప్రిల్‌లో అక్కడికే వస్తారు. కంచె పక్కన నిలబడి పిలిస్తే వచ్చి సంతకం పెట్టే వయసు వాళ్లది. మన అపార్ట్‌మెంట్ల నుంచి పావుగంట దూరంలో ఇంత మంచి ఆట జరుగుతుంటే మనవాళ్లు అటు తొంగిచూడకపోవడం నాకు నిజంగా బాధ.

అందుకని ఒక్కటి అడుగుతున్నాను. శిబిరానికి పిలిచినవాళ్ల పట్టిక శిక్షణకు ముందే వస్తుంది. అందులో నలభై మంది జాబితాలో లేని పేర్లు విడిగా, అడుగున ఉంటాయి. మీ మనవణ్ణో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేర్లు పైకి చదివించండి. అందులోంచి ఒక్కణ్ణి ఎంచుకోమనండి. ఆ ఏడాదంతా, పెద్ద లీగులో ఆడినా కింది లీగులో ఆడినా, అతను ఏ రోజు ఏం చేశాడో ఇద్దరూ కలిసి చూడండి.